ఏపీ 36 బండికి ఇంటి రంగు

రాష్ట్రం మారింది. జిల్లా మారింది. కలెక్టరాఫీసు మారింది. మారనిది ఒక్కటే... పాత బండి నంబరు ప్లేటు మీది ‘ఏపీ 36’! జనగామ చౌరస్తాలో, మానుకోట మార్కెట్ దారిలో, భూపాలపల్లి బొగ్గు లారీల మధ్యన ఈ నంబరుతో తిరిగే వ్యాన్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో కొన్నింటి రంగు చూస్తే అది షెడ్డులో కొట్టించింది కాదని తెలిసిపోతుంది. ఇంటి వాకిట్లో, గోడలకు వాడే రోలర్‌తో, ఇంటిల్లిపాదీ కలిసి వేసుకున్న రంగు అది. మెరుపు కాస్త తక్కువే. కానీ ఆ రంగు కింద ఏముందో ఆ ఇంట్లోవాళ్లకు అంగుళం అంగుళం తెలుసు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

ఒక నంబరు... మూడు జిల్లాలు

ఏపీ 36 అంటే ఉమ్మడి వరంగల్ జిల్లా. జనగామలో కొన్నా, మహబూబాబాద్‌లో కొన్నా, భూపాలపల్లిలో కొన్నా అప్పట్లో అందరి బండ్లకూ అదే అంకె. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త బండ్లకు ‘టీఎస్’ వచ్చింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు పుట్టాయి. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 కేటాయించారు. 2024 మార్చి నుంచి ‘టీఎస్’ కాస్తా ‘టీజీ’ అయింది. ఇన్ని మార్పుల మధ్య పాత బండ్లు మాత్రం పాత నంబర్లతోనే మిగిలాయి.

అంటే లెక్క సులువు. ఏపీ 36 నంబరున్న బండి ఏదైనా సరే, 2014 జూన్‌కు ముందు రోడ్డెక్కిందే. చాలా వాటికి పదిహేనేళ్లు నిండాయి, లేదా నిండబోతున్నాయి. సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 600 రూపాయలుండే ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇప్పుడు ఇంటి పెద్ద ముందు రెండే దారులు. బండిని తుక్కు కింద తూకానికి వేయడం. లేదా ఇంకో ఐదేళ్లు తిప్పుకొనేలా బాగు చేసుకోవడం.

అమ్మేద్దామంటే మనసొప్పదు. మారుతి ఓమ్నీనే తీసుకోండి. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, ఓమ్నీగా పేరు మార్చుకుని, 2019లో తయారీ ఆగిపోయే దాకా ఊరూరా తిరిగింది. వెనక సీటు తీసేసి బొంత పరిస్తే ఇద్దరు పిల్లలు హాయిగా పడుకుంటారు. సీటు కింద స్టవ్వు, బియ్యం సంచి, నీళ్ల క్యాను. విదేశాల్లో ‘క్యాంపర్ వ్యాన్’ అని గొప్పగా చెప్పుకొనేది మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే ‘జాతర బండి’ అంటారంతే! జర్మనీలో 1950లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను కూడా ఇలాంటి డబ్బా ఆకారమే. ఇల్లుగా మారి ఖండాలు చుట్టిన ఆ బండి తయారీ బ్రెజిల్‌లో 2013 దాకా సాగింది. తెలుగునాట ఇలాంటి బండి అనగానే గుర్తొచ్చేది చైతన్యరథం. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించుకుని దాన్నే వేదికగా, బసగా చేసుకుని ఊళ్లు తిరిగారు. పాత బండికి కొత్త బతుకు ఇవ్వడం మనకు కొత్త కాదన్నమాట.

పెంబర్తి సుత్తి, చేర్యాల పూత

రంగు వేయడమంటే రంగు వేయడం కాదు! పనిలో ముప్పావు వంతు డబ్బా మూత తీయకముందే అయిపోతుంది. ఈ సంగతి జనగామ చుట్టుపక్కల కళాకారులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డు మీద జనగామకు కాస్త ముందు పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద దేవతలను నిలబెట్టే ఊరు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన కళ ఇది. అక్కడి పనితనంలో గమనించాల్సింది ఒకటుంది. రేకును గాల్లో పెట్టి కొట్టరు. వెనక లక్క ఆధారంగా ఉంటుంది. బండి సొట్టలకూ సూత్రం అదే. లోపలి నుంచి చెక్కసుత్తితో కొడుతుంటే బయటి నుంచి ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. ఆధారం లేకుండా బాదితే రేకు సాగిపోతుంది. ఆ తర్వాత ఎంత పుట్టీ పెట్టినా ఆ ఎత్తుపల్లాలు పోవు. పెద్ద సొట్టలుంటే డెంటింగ్ షెడ్డులో తీయించుకుని, రంగు ఒక్కటే ఇంట్లో వేసుకోవడం తెలివైన పని.

జనగామ నుంచి సిద్దిపేట దారిలో వెళ్తే చేర్యాల. 2016 దాకా ఇదీ వరంగల్ జిల్లాలోనిదే. నకాషీ బొమ్మల పటాలకు పుట్టిల్లు. ఆ పటం ఎర్రగా మెరవడానికి ముందు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత పడుతుంది. ఒకటి ఆరాకే ఇంకొకటి. ఆ అడుగు పూత సరిగ్గా కుదరకపోతే పైన ఎంత గొప్ప బొమ్మ గీసినా పటం చుట్టగానే పగుళ్లిస్తుంది. బండికి వేసే ప్రైమర్ కూడా ఇదే పని చేస్తుంది. రేకుకూ రంగుకూ మధ్య పెళ్లి కుదిర్చే పేరయ్య అది. పేరయ్యను తప్పిస్తే సంబంధం ఎక్కువ కాలం నిలవదు.

మానుకోట ఎర్రమట్టి చెప్పే పాఠం

మహబూబాబాద్‌ను జనం నోట వింటే ‘మానుకోట’. ఈ జిల్లాలోకి 2016లో ఖమ్మం నుంచి వచ్చి కలిసింది బయ్యారం. నేలలో ఇనుప ఖనిజం ఉన్న చోటు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు పరిశీలించమన్నది. అప్పటి నుంచి ఆ మాట వినిపించినప్పుడల్లా బయ్యారం పేరు వార్తల్లోకి వస్తూనే ఉంది.

బండి రంగుకూ బయ్యారానికీ ఏమిటి సంబంధం? ఉంది. ఆ ఎర్ర రాయిలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. కొలిమిలో ఆక్సిజన్‌ను విడదీస్తేనే ఇనుము. ఆ ఇనుమే రేకై, బండై, వానలో తడిసి మళ్లీ ఆక్సిజన్‌ను పట్టుకుంటే... తుప్పు! పల్లెల్లో దాన్నే ‘చిలుము’ అంటారు. ఒక రకంగా తుప్పంటే బండి మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతానని మారాం చేయడమే. దాన్ని ఆపడానికి మొదట వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌కు ఎరుపునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. ఇక మారడానికేమీ లేని ఇనుమును, మారిపోవాలని చూసే ఇనుము మీద కాపలా పెట్టడమన్నమాట.

తుప్పుకు ఓ చెడ్డ గుణముంది. అది ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైనున్న రంగును పొక్కులా లేపుతుంది. బయట గోరంత పొక్కు కనిపిస్తే లోపల అరచేతంత మచ్చ ఉండవచ్చు. మిర్చి బస్తాలు, పత్తి, పసుపు మోసే బండ్లలో ఇది మరీ ఎక్కువ. నేల మీది మ్యాట్ కింద చెత్త చేరుతుంది. చెత్త తడిని పట్టి ఉంచుతుంది. ఆ తడి రేకును తింటుంది.

వెతకాల్సిన చోట్లు తెలిసినవే. తలుపుల అడుగు అంచులు, చక్రాల మీది గుంతలు, బ్యాటరీ కింది పళ్లెం, ఫుట్‌బోర్డు, నేల. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. ‘ఠంగు’మంటే రేకు బాగుంది. మెత్తగా ‘డబ్’మంటే లోపల పుచ్చింది. పుచ్చిన చోట పుట్టీ నింపి రంగు కొట్టేస్తే చూపులకు బాగానే ఉంటుంది. అమ్మకానికి పెట్టిన పాత బండ్లలో కొన్నింటి నిగనిగల వెనక రహస్యం ఇదే! కానీ ఆ నేల మీద కాళ్లు పెట్టి కూర్చునేది పిల్లలు, ముసలివాళ్లు. అలాంటి చోట రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే. ఛాసిస్‌కే చిల్లులు పడితే రంగు డబ్బా పక్కన పెట్టి మెకానిక్ మాట వినాలి. ఫిట్‌నెస్ అంటే బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్. నిగారింపు కాదు.

సొంతంగా రంగు వేసుకునేవాళ్లకు దక్కే అసలు లాభం ఇది. బండి చుట్టూ మోకాళ్ల మీద తిరిగి గరుకు కాగితం పట్టినవాడికి దాని జబ్బు దాగదు. తనను తాను మోసం చేసుకోవడానికి ఎవరూ అంత కష్టపడరు కదా!

వాకిట్లో రోలర్

ఇక అసలు పనిలోకి వద్దాం. మొదట సబ్బునీళ్లతో కడగాలి. మైనం, నూనె మరకలు పోయేదాకా తుడవాలి. తుప్పును ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా గీకాలి. మిగతా పాత రంగును పూర్తిగా తీయనక్కర్లేదు. గట్టిగా అంటుకుని ఉంటే దాని మెరుపు పోయేలా వాటర్ పేపర్ పడితే చాలు. నున్నటి రంగు మీద కొత్త రంగు పట్టు దొరక్క జారిపోతుంది.

ఈ పని తడిగానే చేయాలి. పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1న గానీ అమల్లోకి రాలేదు. అందుకని ముక్కుకు మాస్క్ ఉండాలి. పిల్లలు దూరంగా ఉండాలి. టర్పెంటైన్, థిన్నర్ ఉన్న చోట బీడీ, పొయ్యి అసలే వద్దు.

గీకిన రేకును ఆ రోజే ప్రైమర్‌తో కప్పేయాలి. రాత్రి మంచు తగిలితే తెల్లారేసరికి చిలుము మళ్లీ మొదలవుతుంది. ప్రైమర్ ఆరాక చిన్న గుంతలకు పుట్టీ పెట్టి నున్నగా రుద్ది, పుట్టీ మీద మళ్లీ ప్రైమర్ వేయాలి. అద్దాలకు, లైట్లకు, రబ్బర్లకు టేపు వేసి పాత పేపర్లు అంటించాలి. ఒక్క పొరే అయితే రంగు ఊరుతుంది. రెండు పొరలుండాలి. చదవడం అయిపోయిన ఆదివారం అనుబంధాలకు ఇంతకన్నా మంచి పదవి ఏముంటుంది!

గోడలకు రంగులేసే రోలర్‌ను 1940లో కెనడాలోని టొరంటోకు చెందిన నార్మన్ బ్రేకీ రూపొందించారని చెబుతారు. మరి కార్లకు స్ప్రే రాకముందు? తొలినాళ్ల కార్లలో చాలా వాటికి బ్రష్షుతోనే వార్నిష్ వేసేవారు. పూత తర్వాత పూత ఆరడానికి వారాలు పట్టేది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు త్వరగా ఆరే డ్యూకో లాకర్ వాడాక పరిశ్రమ తీరే మారిపోయింది. అంటే చేత్తో వేసే రంగు నాటు పద్ధతేమీ కాదు, కార్లకు అదే పాత పద్ధతి.

నాలుగంగుళాల సన్నటి స్పాంజి రోలర్, సింథటిక్ ఎనామిల్, కాస్త టర్పెంటైన్. ఇంతే సామాను. ఎన్‌సీ థిన్నర్ పోస్తే కొన్ని స్పాంజిలు కరిగి రంగులో కలిసిపోతాయి. ఓమ్నీ పొడవు 3.37 మీటర్లు, వెడల్పు 1.41, ఎత్తు 1.64. అద్దాలు తీసేస్తే పూతకు సుమారు ఒక లీటరు. మూడు పూతలకు మూడు లీటర్లు. సాదా రంగులే ఎంచుకోవాలి. మెటాలిక్ రంగులు రోలర్‌కు లొంగవు, చారలు పడతాయి.

కిటుకంతా పలచదనంలో ఉంది. ఒకేసారి మందంగా పూస్తే రంగు కారి కన్నీటి చారలవుతుంది. పలచగా, ఒక్కో పలకా పూర్తిచేసుకుంటూ పోవాలి. మొదట అడ్డదిడ్డంగా పరిచి, వెంటనే ఒకే దిశలో తేలిగ్గా లాగాలి. బుడగలుంటే మెత్తటి బ్రష్షు కొసతో తాకీతాకనట్టు నిమరాలి. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు సన్నటి వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది, తుడిచి, రెండో పూత. తర్వాత మూడోది. తొక్క మీద ఉండే గరుకు లాంటిది మిగిలితే, పది పదిహేను రోజులాగి రంగు గట్టిపడ్డాక రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టుకోవచ్చు.

కాలం కూడా కలిసిరావాలి. ఎండాకాలంలో రంగు రోలర్ కిందే ఆరిపోయి గీతలు నిలుస్తాయి. వానాకాలంలో తేమకు మసకబారుతుంది. చలికాలం ఉదయం, మంచు విడిచాక, నీడపట్టున అయితే మేలు. ముందుగా వాకిట్లో సాన్పు చల్లితే దుమ్ము అణిగిపోతుంది. పొద్దున్నే ఇంటి ఆడవాళ్లు చేసే ఈ పని ఖరీదైన పెయింట్ బూత్‌కు సగం సమాధానం.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. ఎనామిల్ షెడ్డు రంగులా అద్దంలా ఉండదు. కొన్నేళ్ల ఎండకు వెలిసిపోతుంది. ముందుముందు దాని మీద ఎన్‌సీ రంగు స్ప్రే చేయిస్తే థిన్నర్ దెబ్బకు కింది పూత ముడతలు పడుతుంది. అంతా గీకి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

రంగుకూ రూలుంది

మనసుకు నచ్చిన రంగు వేసుకునే ముందు ఆర్సీ తీసి చూడండి. అందులో బండి రంగు రాసి ఉంటుంది. వేరే రంగు వేస్తే రవాణా శాఖకు తెలిపి ఆర్సీలో మార్పించుకోవాలి. పాత రంగే వేసుకుంటే ఆ తిప్పలు ఉండవు. ఆలివ్ గ్రీన్ మాత్రం సైన్యానిదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఆ రంగును ఇతరులకు ఒప్పుకోవు. ఛాసిస్ నంబరు మీద పుట్టీ, రంగు పడకుండా చూసుకోవాలి. చెక్కిన ఆ అంకెలు పూడిపోతే తనిఖీలో బండి ఎవరిదో నిరూపించుకోవడం తలనొప్పే.

మేడారం దారిలో పరీక్ష

ఈ ప్రాంతంలో పాత బండికి పెద్ద పరీక్ష మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ సమ్మక్క సారలమ్మల జాతర. 1996లో రాష్ట్ర పండుగైంది. సరిహద్దుల సంగతి చూడండి. 2018 జాతర జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో జరిగింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడటంతో 2020 జాతర ములుగు జిల్లాలో జరిగింది. గద్దెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి!

జనగామ బండ్లు వరంగల్, ములుగు మీదుగా పస్రా చేరుకుంటాయి. మానుకోట బండ్లు నర్సంపేట, మల్లంపల్లి దారిన వచ్చి ములుగులో కలుస్తాయి. ఒకప్పుడు గూడు కట్టిన ఎడ్లబండ్లు. ఇప్పుడు ట్రాక్టర్లు, డీసీఎంలు, ఆటోలు, వ్యాన్లు. జంపన్నవాగులో స్నానం, గద్దెల దగ్గర ‘బంగారం’ అనే బెల్లం మొక్కు, ఆ తర్వాత బండి నీడన కట్టెల పొయ్యి మీద కోడికూర. రెండు మూడు రోజులు ఆ బండే ఇల్లు. తలుపుకు తాడు కట్టి బట్టలారేస్తారు. టాప్ మీద పరుపులెక్కుతాయి. పక్కబండి గీసుకుపోతుంది. దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. షోరూమ్ మెరుపున్న బండి యజమాని ఇక్కడ గద్దెల కంటే బండినే ఎక్కువసార్లు చూసుకుంటాడు. ఇంటి రంగు బండి యజమానికి ఆ బెంగ ఉండదు.

తిరుగు ప్రయాణంలో ప్రైవేటు వాహనాలను నార్లాపూర్, భూపాలపల్లి, పరకాల వైపు మళ్లిస్తుంటారు. అప్పుడు ఎదురవుతుంది నల్లదుమ్ము. సింగరేణి గనుల ఊరు భూపాలపల్లి. దగ్గర్లోని చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు లారీల రోడ్డు. ఆ పొడి బండి సందుల్లో చేరి తడిస్తే తుప్పుకు విందే. అందుకే ఇల్లు చేరగానే చేయాల్సిన మొదటి పని... బండిని అడుగు నుంచి కడగడం. తలుపుల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయడం. అవి పూడుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలిచి, వేసిన మూడు పూతలూ మూడేళ్లకే పొక్కుతాయి.

కడిగాక తువ్వాలతో తుడుస్తుంటే గీతలు బయటపడతాయి. డబ్బా అడుగున మిగిలిన రంగు అప్పుడు పనికొస్తుంది. దాన్ని మూత బిగించి అటక మీద దాచుకున్న ఇంట్లో చిన్న బ్రష్షుంటే చాలు. ఇంకా మిగిలితే గేటుకు, పిల్లవాడి సైకిల్‌కు, నీళ్ల డ్రమ్ముకు! వీధిలో ఆ ఇల్లు ఏదంటే రంగు చూసి చెప్పేయవచ్చు. షెడ్డు రంగుకు గీత పడితే యజమానికి వారం రోజుల దిగులు. ఇంటి రంగుకు గీత పడితే... డబ్బా మూత తీయడమే!